సమాధానం: పాత సబ్‌డొమైన్‌లో జూదం పేజీలు

నమస్తే అండీ. రెండేళ్ల క్రితం డిపార్ట్‌మెంట్ సదస్సు కోసం ఇచ్చిన సబ్‌డొమైన్ (యూనివర్సిటీ వెబ్ చిరునామా కింద ఇచ్చే ఉప చిరునామా) తెరిస్తే జూదం పేజీలు వస్తున్నాయని, మీ సర్వర్లలో ఎంత వెతికినా ఏమీ దొరకలేదని రాశారు. టెన్షన్ పడకండి, సర్వర్‌లోకి ఎవరూ చొరబడి ఉండకపోవచ్చు. ఆ సైటు బయటి క్లౌడ్‌లో ఉండేదన్నారుగా. సదస్సు అయిపోయాక క్లౌడ్ ఖాతా మూసేశారు, డీఎన్ఎస్‌లో, అంటే ఏ వెబ్ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే వ్యవస్థలో, సీనేమ్ రికార్డు (మీ సబ్‌డొమైన్‌ను ఆ క్లౌడ్ పేరు వైపు మళ్లించే నమోదు) మాత్రం అలాగే ఉండిపోయింది. ఖాళీ అయిన ఆ క్లౌడ్ పేరును ఇంకెవరో తీసుకుంటే చాలు, మీ యూనివర్సిటీ పేరు మీద వాళ్ల పేజీ వచ్చేస్తుంది.

ముందు ఆ రికార్డు తీసేయండి. టీటీఎల్ (పాత జవాబును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో చెప్పే అంకె) 86400 అని ఉంటే కొన్నిచోట్ల 24 గంటల దాకా పాత పేజీయే కనిపిస్తుంది, కంగారుపడి మళ్లీ మళ్లీ మార్చొద్దు. లాగిన్ కుకీలు (లాగిన్ అయ్యారని బ్రౌజర్ దాచుకునే గుర్తులు) మొత్తం డొమైన్‌కు వర్తించేలా పెట్టి ఉంటే అవి ఆ జూదం పేజీ వాళ్లకూ చేరే వీలుంది, కాబట్టి ఆ సెషన్లన్నీ రద్దు చేయించండి. చాలామంది ఇది మర్చిపోతారు, నాకు అన్నిటికంటే భయం దీనితోనే.

తర్వాత జోన్ ఫైలులోని (మీ డొమైన్ డీఎన్ఎస్ రికార్డులన్నీ ఉండే ఫైలు) ప్రతి సీనేమ్‌నీ డిగ్ కమాండ్‌తో (డీఎన్ఎస్‌ను అడిగి జవాబు చూపే కమాండ్) చూడండి. ఎన్ఎక్స్‌డొమైన్ (అలాంటి పేరే లేదు) అని జవాబు వస్తే అదీ ఇలాంటి ప్రమాదమే. సరైన చిరునామాయే జవాబుగా వచ్చినా సరే, బ్రౌజర్‌లో తెరిచి అది మీ పేజీయేనా అని చూసుకోండి.

ఇకపై సబ్‌డొమైన్ ఇచ్చేటప్పుడు అడిగినవారి సొంత మెయిల్ కాకుండా డిపార్ట్‌మెంట్ మెయిల్, గడువు తేదీ రాసుకోండి. మూసేటప్పుడు ముందు రికార్డు తీసి, ఆ తర్వాతే ఖాతా మూయండి.