బ్యాగు వెతుక్కోండి, మొహం మాత్రం అడిగి తీసుకోండి

“ప్రాణాల మీదికొస్తే ప్రైవసీ ఎవడిక్కావాలి, డిజియాత్రకి మొహం చూపిస్తే పోయేదేముంది?” అని కదా మీరు అడిగింది. (డిజియాత్ర అంటే ఎయిర్‌పోర్టులో ఐడీ బదులు మొహం స్కాన్ చేసి లోపలికి పంపే యాప్.) ఉద్యోగం పుణ్యమా అని నెలకి రెండు మూడుసార్లు విమానం ఎక్కుతుంటాను కాబట్టి చెబుతున్నా, మీరు రెండు వేరే సంగతుల్ని ఒకే గాట కట్టేస్తున్నారు.

ఒకటి తనిఖీ. దాంతో నాకు పేచీ లేదు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావాల్సిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ-814ని హైజాక్ చేసి కాందహార్ పట్టుకుపోయినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నా, ఆ వారమంతా మా ఇంట్లో టీవీ ఆపలేదు. మన ఎయిర్‌పోర్టుల భద్రత కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ చేతికి రావడం మొదలైంది ఆ మరుసటి ఏడాదే. అందుకే బెల్టు తీయమంటే తీస్తా. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా క్యాబిన్ బ్యాగులోంచి తీసి పక్కన పెట్టేసినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది (తప్పు నాదేలెండి, చెకిన్‌లో వేయాల్సింది).

మా నాన్నకి మోకాలు మార్చారు, ప్రతిసారీ మెటల్ డిటెక్టర్ కూస్తుంది. ఇప్పుడాయన ఎవరూ అడక్కముందే జేబులోంచి డాక్టర్ కాగితం తీసి పట్టుకుని నిలబడతారు. చూస్తే నాకు కష్టంగానే ఉంటుంది, కానీ ఆ చెకింగ్ నిమిషంలో అక్కడితో అయిపోతుంది. ఆయన మోకాలి గురించి ఎవరూ ఎక్కడా రాసి పెట్టుకోరు.

రెండోది డిజియాత్ర, అది అలా కాదు. గేటు దగ్గర టికెట్టూ ఐడీ చూసే పని కెమెరా చేస్తుంది, అంతే. లోపలికెళ్లాక బ్యాగు ఎక్స్‌రే, ఒళ్లు తడమడం అందరికీ ఒకటే. కాబట్టి మొహమిచ్చి మనం కొనుక్కునేది ముఖ్యంగా క్యూలో కాసేపు, దానికి సెక్యూరిటీ అని పేరు పెట్టకండి. ఒక ఎయిర్‌పోర్టులో ఏ ఏజెన్సీ మనిషో తెలీదు, ఓ కుర్రాడు “ఒక్క నిమిషం సార్” అంటూ బోర్డింగ్ పాస్ స్కాన్ చేసి ఫోన్ కెమెరా నా మొహం మీదికి తిప్పాడు. ఎందుకు బాబూ అంటే “కంపల్సరీ సార్” అన్నాడు. కాదు, ఇష్టమైతేనే వాడొచ్చని కేంద్రమే చెప్పింది అన్నా. “అయితే ఆ లైన్లోకి వెళ్లండి” అని తర్వాతి వాళ్లని పిలిచాడు. వెళ్లా. నాలుగు నిమిషాల్లో లోపలున్నా.

వివరాలు మన ఫోన్‌లోనే ఉంటాయనీ, ఎయిర్‌పోర్టు దగ్గరున్నవి విమానం వెళ్లిన 24 గంటల్లో చెరిపేస్తామనీ అంటారు. నిజమే కావచ్చు. కానీ దీన్ని నడిపేది ప్రభుత్వ శాఖ కాదు, డిజియాత్ర ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని కంపెనీ. అందులో ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతమే, మిగతాది హైదరాబాద్, బెంగళూరు లాంటి ఎయిర్‌పోర్టులు నడిపే కంపెనీలది. చెరిపేశారో లేదో నేనెళ్లి చూడలేను కదా. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు, ప్రైవసీ ప్రాథమిక హక్కేననీ, ప్రభుత్వం అందులో వేలు పెట్టాలంటే చట్టమూ ఉండాలి, అవసరమూ ఉండాలి, ఆ అవసరాన్ని మించకూడదనీ చెప్పింది. బ్యాగు ఎక్స్‌రే అందులో పాసవుతుంది. ఐడీ కార్డు చూస్తే సరిపోయే చోట మొహం తీసుకోవడం ఎలా పాసవుతుందో మీరే చెప్పండి.

నేనేదో శుద్ధపూసనని కాదు, మొన్న ఢిల్లీలో ఫ్లైట్ మిస్సయ్యేలా ఉంటే టెన్షన్‌లో నేనే యాప్ తెరిచా. మీరూ కావాలంటే వాడుకోండి. వద్దనుకుంటే ఐడీ చేతిలో పెట్టుకుని “మామూలు లైన్ ఎటు?” అని అడగండి, చూపిస్తారు.