మాత్రను వదలకు

చి. తమ్ముడికి,

ఆశీస్సులు. అమెరికా డాక్టర్ జాన్ సాపింగ్టన్ జీవితం మీద నువ్వు రాస్తున్న పుస్తకంలోంచి పంపిన అధ్యాయాలు చదివాను. మంచి మనిషిని ఎంచుకున్నావు. 1776లో మేరీలాండ్‌లో పుట్టాడు, టెనెసీలో వైద్యం చేశాడు, 1817లో మిస్సోరి వెళ్లాడు, తర్వాత అక్కడి యారో రాక్ అనే ఊరి దగ్గర స్థిరపడ్డాడు, 1856లో పోయాడు. ఇది ఒక పేరాకు సరిపోయే సంగతి. నువ్వు దీనికి ఇరవై పేజీలు పెట్టి, ఆయన అమ్మిన చలిజ్వరం (మలేరియా) మాత్రను అరపేజీలో ముగించావు.

‘వైద్యుడు’, ‘వర్తకుడు’ అని పుస్తకాన్ని రెండు భాగాలు చేయడం కూడా నాకు నచ్చలేదు. అప్పుడే ఇళ్లు లేస్తున్న ఆ నేలలో రోగి చేతిలో నగదు ఆడేది కాదు. వైద్యం చేసినవాడు పద్దు రాసుకుని పంట చేతికొచ్చేదాకా ఆగాలి. ఆ పద్దుల పుస్తకం ఉన్నవాడికి అప్పులివ్వడం, కొట్టు పెట్టడం ఒక్క అడుగు దూరం. సాపింగ్టన్ రెండూ చేశాడు. పైగా గుర్రమెక్కి తిరిగే డాక్టరు రోజుకు ఎన్ని గుమ్మాలు తొక్కగలడు? మాత్రల పెట్టె ఆయన వెళ్లలేని ఊళ్లకు వెళ్లింది. 1832 నుంచి ఆయన ఆ పెట్టెలు అమ్మాడు. వైద్యం, వర్తకం కలిసిన చోటు అదే. పుస్తకం అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

మాత్రను పాఠకుడి అరచేతిలో పెట్టు. జ్వరానికి అసలు మందైన క్వినైన్ సల్ఫేటు ఒక గ్రెయిన్, ముప్పావు గ్రెయిన్ అతిమధురం, పావు గ్రెయిన్ బోళం అనే చెట్టు జిగురు, వాసనకు సాసాఫ్రాస్ అనే చెట్టు నూనె. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు కాబట్టి మాత్ర మొత్తం 130 మిల్లీగ్రాముల దాకా తూగుతుంది. ఆ రోజుల్లో మాత్ర కట్టే పద్ధతి కూడా రాయి: పొడులను కల్వంలో నూరి, తడిపి ముద్ద చేసి, సన్నగా తాడులా పేని, సమంగా కోసి, వేళ్ల మధ్య ఉండ చేస్తారు. తడి ఎక్కువైతే పెట్టెలో ఒకదానికొకటి అంటుకుని చదునవుతాయి. తక్కువైతే దారిలో గుర్రం కుదుపుకు పొడి అయిపోతాయి. నూరడంలో బద్ధకిస్తే ఒక మాత్రలో మందు రెట్టింపు పడుతుంది, మరోదాంట్లో అతిమధురమే మిగులుతుంది. ఇలాంటి చోట నిదానంగా రాయి, పేజీలు లెక్కపెట్టకు.

ఆ ఒక్క గ్రెయిన్ ఎందుకంత విలువైందో చెప్పకపోతే మాత్ర ఉత్త ఉండగానే మిగిలిపోతుంది. అంతకుముందు సింకోనా అనే చెట్టు బెరడు పొడి చెంచాలకొద్దీ తాగించేవారు, చాలామందికి కడుపులో నిలిచేది కాదు. 1820లో పారిస్‌లో పెల్లెటియే, కవెంతూ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ బెరడు నుంచి క్వినైన్ వేరుచేశారు. అయినా చాలామంది డాక్టర్లు ముందు నెత్తురు తీసి, విరేచనాలు చేయించి, కాలోమెల్ అనే పాదరసపు మందు ఇచ్చి, రోగి నీరసించాకే దాని దగ్గరికి వచ్చేవారు. సాపింగ్టన్ నెత్తురు తీయడాన్ని వ్యతిరేకించాడు, క్వినైన్ మొదటే ఇమ్మన్నాడు. ఆయన పట్టుదల తెలిసేది ఇక్కడే. మన పెద్దవాళ్లు క్వినైన్‌నే కొయినా అనేవారు. ఆ మాట ఒకసారి వాడు, చేదు దానంతటదే గుర్తొస్తుంది.

ఇక లెక్కలు. పెట్టెకు 24 మాత్రలు. మందుల తూకంలో ఔన్సుకు 480 గ్రెయిన్లు కాబట్టి ఔన్సు క్వినైన్ 20 పెట్టెలవుతుంది. ఏ సంవత్సరం గురించి రాస్తున్నావో ఆ సంవత్సరం ఫిలడెల్ఫియాలో ఔన్సు ధర, పెట్టె అమ్మకం ధర పక్కపక్కన పెట్టు. అందులోంచి తిరిగి అమ్మేవాడి వాటా, రాని బాకీలు తీసెయ్. 1837లో బ్యాంకులు కుప్పకూలాక ఒక రాష్ట్రపు బ్యాంకు నోటు ఇంకో రాష్ట్రంలో పూర్తి విలువకు చెల్లేది కాదు, ఆ తరుగు కూడా తీసెయ్. మిగిలిందే లాభం. ‘కోట్లు గడించాడు’ అని రాశావు, అది కొట్టెయ్.

ఇంకో లెక్క నన్ను చాలాసేపు ఆపింది. పెట్టెడు మాత్రల్లో క్వినైన్ సుమారు 1,560 మిల్లీగ్రాములు. ఇప్పుడు పెద్దవాళ్లకు క్వినైన్ ఇవ్వాల్సివస్తే పూటకు 600 చొప్పున రోజుకు మూడు పూటలు ఇస్తారు. అంటే పెట్టె మొత్తం కలిపినా ఒక్క రోజు మందు కాదు. రోజు విడిచి రోజు వచ్చే వణుకు దాంతో ఆగవచ్చు. కానీ వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుంటుంది, క్వినైన్ దాన్ని అక్కడ తాకలేదు. జ్వరం మళ్లీ వస్తుంది, పెట్టె మళ్లీ కొంటారు. దీన్ని మోసమనకు. కాలేయం సంగతి ఆయనకు తెలిసే వీలే లేదు.

దోమ కూడా అంతే. నీ రెండో అధ్యాయంలో ఆయన దోమలను చూసి అనుమానపడతాడు. అది తీసెయ్. కుళ్లిన ఆకులు, చిత్తడి నేలల గాలి వల్లే జ్వరమని ఆ కాలం నమ్మింది. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. అప్పటికి సాపింగ్టన్ పోయి 41 ఏళ్లు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ‘పనివాళ్లు మాత్రలు చుట్టేవారు’ అన్న వాక్యం. సాపింగ్టన్ బానిసల యజమాని. ఆ మాత్రలు చుట్టిన వేళ్లలో జీతం లేని, వెళ్లిపోయే స్వేచ్ఛ లేని మనుషుల వేళ్లున్నాయి. ఆనాటి ఇంగ్లీషు కాగితాల్లో ‘సర్వెంటు’ అని కనిపించినంత మాత్రాన ‘పనివాడు’ అని దించెయ్యకు. బానిస అని రాయి. వీలునామాల్లో, ఆస్తి పట్టికల్లో వాళ్లు వయసుతో, వెలతో కనిపిస్తారు. పేరు దొరికితే ఆ పేరు పెట్టు.

అల్లుళ్లు మెరెడిత్ మార్మడ్యూక్, క్లేబోర్న్ జాక్సన్ ఇద్దరూ మిస్సోరి గవర్నర్లయ్యారు. జాక్సన్ ఒకరి తర్వాత ఒకరుగా ఆయన కూతుళ్లు ముగ్గుర్ని పెళ్లాడాడు. ఇది ఊరించే విషయమే గానీ ఒక పేజీ దాటనివ్వకు. ఆయన ముఖం వర్ణించాలంటే ఊహించొద్దు, 1834లో జార్జ్ కేలబ్ బింగమ్ గీసిన చిత్రం ఎదురుగా పెట్టుకుని రాయి.

1844లో జ్వరాల మీద వేసిన పుస్తకంలో సాపింగ్టన్ మాత్ర తయారీని అచ్చేశాడు. రహస్యమే పెట్టుబడిగా మందులమ్మే కాలమది. నువ్వు దాన్ని ‘త్యాగం’ అన్నావు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు, పన్నెండేళ్లుగా అమ్మకం సాగింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి, ‘త్యాగం’ అన్న మాట తీసెయ్, పాఠకుడే తేల్చుకుంటాడు.

ఈసారి మాత్ర అధ్యాయమే ముందు పంపు. ఔన్సు ధర, పెట్టె ధర వేసుకున్న లెక్క కాగితం కూడా దాంతో జత చెయ్.