కారులో సబ్ (బేస్ కొట్టే సబ్‌వూఫర్ స్పీకర్) గట్టిగా పెడితే ఆంప్ (యాంప్లిఫయర్) ఆగిపోతోందా? కాయిల్స్ కలిపిన తీరు చూడు

తమ్ముడూ, కావలి నుంచి ఒంగోలు వెళ్లేటప్పుడు సౌండ్ పెంచగానే ఆంప్‌లో ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోందన్నావు. 12 అంగుళాల సబ్, 250 వాట్ల ఆర్ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్), రెండు 4 ఓమ్ కాయిల్స్ (స్పీకర్‌లోని తీగచుట్టలు; ఓమ్ అంటే కరెంటుకి ఎంత అడ్డో చెప్పే కొలత). రెండు చానళ్ల ఆంప్‌ని బ్రిడ్జ్ చేసి (రెండు చానళ్లనీ ఒకటిగా కలిపి) ఇచ్చావు, ఆంప్ డబ్బా మీద 1000 వాట్లని ఉంది.

ముందు ఆ 1000ని మర్చిపో, అది మాక్స్ లెక్క. ఆర్ఎంఎస్ అంకె ఒక్కటే చూడాలి.

అసలు తప్పు వైరింగ్‌లో ఉందనిపిస్తోంది. రెండు కాయిల్స్ పారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే 2 ఓమ్‌లు అవుతుంది. బ్రిడ్జ్ చేసిన ఇలాంటి ఆంప్‌లు ఎక్కువగా 4 ఓమ్‌ల కంటే తగ్గితే తట్టుకోలేవు. సబ్ వైర్లు ఆంప్ నుంచి ఊడదీసి, ఆ వైర్లకి మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టు. 2 కంటే కాస్త తక్కువ చూపిస్తే అదే కారణం. సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే 8 ఓమ్‌లు, ఆంప్ ఆగదు కానీ బేస్ తగ్గుతుంది. నన్నడిగితే, 2 ఓమ్‌ల దగ్గర 250 నుంచి 300 వాట్ల ఆర్ఎంఎస్ ఇచ్చే మోనో (ఒకే చానల్) ఆంప్ తీసుకో.

ఆ ఆంప్ మీద ఉండే గెయిన్ నాబ్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది; దయచేసి చివరిదాకా తిప్పకు. సబ్ వైర్లు తీసేసి, బేస్ బూస్ట్ ఆపి, స్టీరియో ముప్పావు వాల్యూమ్‌లో 50 హెర్ట్జ్ టోన్ పెట్టు. ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటర్ ఏసీలో 22 వోల్టులు (2 ఓమ్‌ల దగ్గర 250 వాట్లకి లెక్క) వచ్చేదాకా గెయిన్ మెల్లగా తిప్పి ఆపెయ్. సౌండ్ చీలిపోతుంటే చిన్న ఆంప్ కూడా కాయిల్‌ని కాల్చేస్తుంది. ఆ మాడు వాసన వచ్చిందంటే సబ్ పోయే ప్రమాదం ఉన్నట్టే.

బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ ఉందా? లేకపోతే అది పెట్టేదాకా బండిలో ఆంప్ ఆన్ చెయ్యకు.