కొత్త బండిలో పాత సుఖాలేవీ?

ప్రశ్న: అయ్యా, చాలా ఏళ్లు వాడిన జర్మన్ కారు అమ్మేసి, మొన్న ఉగాదికి అదే మోడల్లో కొత్త తరం బండి తీసుకున్నాను. ధర పాతదానికంటే బాగా ఎక్కువ. తీరా ఇంటికి తెచ్చాక చూస్తే ఏసీకి తిప్పే నాబ్‌లు లేవు, అంతా స్క్రీన్‌లోనే. వెనక కిటికీలకు బటన్ నొక్కితే లేచే తెరలు లేవు. తలుపు మెల్లగా ఆనిస్తే దానంతటదే లాక్కుని పడేది, అదీ పోయింది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పాత బండిలో వెనక కూర్చునే, ముందు సీటును బటన్‌తో జరుపుకుని కాళ్లు చాపుకునేది. ఇప్పుడు ప్రతిసారీ ఎవరో ఒకరిని అడగాల్సి వస్తోంది. షోరూంలో "కొత్త జనరేషన్ ఇంతే సార్" అన్నారు. ఎందుకిలా తీసేస్తారు? ఇవన్నీ బయట బిగించుకోవచ్చా?
— ఒక డాక్టరు, కర్నూలు

జవాబు: డాక్టరు గారూ, మీరు చెప్పిన నాలుగింటినీ నేను ఒకే గాటన కట్టను. తలుపు సంగతి చిన్నది, కాస్త గట్టిగా వేస్తే పడుతుంది. తెరలు మన ఎండలకు కావలసినవే, అయినా సర్దుకోవచ్చు. అమ్మగారి సీటు బటన్, ఏసీ నాబ్ పోయాయంటే మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఒకటి పెద్దావిడ ఒకరిని అడక్కుండా కూర్చోగలగడానికి సంబంధించింది. రెండోది మీ ప్రాణానికి సంబంధించింది.

తీసేయడం ప్రతిసారీ తప్పేమీ కాదు. 1991లో వచ్చిన మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో రివర్స్ గేరు వేయగానే వెనక రెండు మూలల్లో రెండు సన్నటి కడ్డీలు పైకి లేచేవి. బండి ఎక్కడిదాకా ఉందో డ్రైవరుకు తెలియడానికి. 1995లో వాటి స్థానంలో శబ్దంతో హెచ్చరించే సెన్సర్లు వచ్చాయి. ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే పోయినదానికంటే మేలైనది వచ్చింది. కాబట్టి ఏదైనా తీసేశారంటే నేను మొదట అడిగేది, బదులుగా ఏం పెట్టారని. నాబ్ తీసి స్క్రీన్ మీద దాని బొమ్మ పెడితే అది బదులు కాదు.

గుత్తి రోడ్డులో మా షెడ్డుకు వచ్చే పాత బండ్ల డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు ఆ నాబ్ వెనక ఏముంటుందో కుర్రాళ్లకు చూపిస్తుంటాను. చిన్న పళ్ల చక్రం, దాని పళ్లకు ఆనుకుని ఒక స్ప్రింగు. ఒక్కో డిగ్రీకి ఒక్కో టిక్కు వేలికి తెలిసేది దానివల్లే. కంటితో పని లేదు. దాని వెనక చిన్న సర్క్యూట్ బోర్డు, రాత్రిపూట వెలగడానికి ఎల్ఈడీ, కనెక్టరు, వైర్లు. ఇలా ప్రతి బటన్‌కూ ఒక అచ్చు చేయించాలి, ఫ్యాక్టరీలో బిగించాలి, పరీక్షించాలి. స్క్రీన్ ఎలాగూ పెట్టాల్సిందే, రివర్స్ కెమెరాకూ మ్యాపుకూ అది కావాలి. బటన్లన్నీ అందులోనే గీసేస్తే ఆ ఖర్చంతా మిగులుతుంది, రేపు మార్చాలన్నా సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు. కొనేవాళ్ల తప్పు కూడా కొంత ఉంది. షోరూంలో అందరి చూపూ స్క్రీన్ మీదే ఉంటుంది. తలుపులో మోటారు ఉందో లేదో, వెనక సీటు పక్కన బటన్ ఉందో లేదో అడిగేవాళ్లు తక్కువ. అడగనివే ముందు పోతాయి.

దీనికి మనం ఇచ్చే ధర ఎంతో స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక 2022లో కొలిచి చూపించింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ వేడి పెంచడం, రేడియో స్టేషను మార్చడం లాంటి నాలుగు పనులు చేయించారు. బటన్లున్న 2005 నాటి వోల్వో వి70లో అవన్నీ 10 సెకన్లలో అయిపోయాయి. ఆలోపు బండి 306 మీటర్లు పోయింది. బీఎండబ్ల్యూ ఐఎక్స్‌లో అవే పనులకు 30 సెకన్లు పట్టింది, బండి 900 మీటర్లు దాటిపోయింది. ఎన్‌హెచ్ 44 మీద డోన్ దాటి గుత్తి వైపు మిట్టమధ్యాహ్నం వస్తున్నారనుకోండి. స్క్రీన్ మీద ఎండ పడి ఏమీ కనపడదు, వేలికి చెమట. అవతల రాంగ్ రూట్లో ట్రాక్టరు. అంతసేపు కళ్లు రోడ్డు మీద లేకపోతే ఏమవుతుందో మీ ఆసుపత్రికి వచ్చే కేసులు నాకంటే మీకే బాగా తెలుసు.

ఇది మీ ఒక్క బండి గొడవ కాదు. స్క్రీన్‌ను ముట్టుకోకుండా తిప్పి నడిపించడానికి బీఎండబ్ల్యూ 2001లో 7 సిరీస్‌తో తెచ్చిన ఐడ్రైవ్ గుండ్రటి నాబ్, 2022లో వచ్చిన కొత్త ఎక్స్1లో లేదు. ఆడీ కూడా 2018 ఏ6లో అలాంటి నాబ్ తీసేసి రెండు టచ్ స్క్రీన్లు పెట్టింది. అయితే గాలి ఇప్పుడు మళ్లుతోంది. ఐరోపాలో కార్లకు భద్రతా స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారను, హజార్డ్ లైట్లకు చేతికి తగిలే విడి స్విచ్చులు లేకపోతే మార్కులు తగ్గిస్తానంది. ముఖ్యమైన బటన్లు మళ్లీ తెస్తామని ఫోక్స్‌వాగన్ డిజైన్ అధిపతి 2025లో చెప్పారు. కానీ యూరో ఎన్‌క్యాప్ పట్టికలో ఏసీ లేదు. మే నెలలో మన సీమలో బండి నడిపేవాళ్లకు ఏసీ కూడా అందులో ఉండాల్సిందే.

ఇక మీరు చేయగలిగింది. తలుపు మోటార్లు బయట బిగించొద్దు. వాటికోసం తలుపు వైరింగ్ కోస్తారు, ఆ తలుపులోనే సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సరు ఉండొచ్చు, వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది. అమ్మగారి సీటుకు ఒక ఉపాయం ఉంది. ముందు ఎడమ సీటుకు మెమరీ బటన్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే, సీటును పూర్తిగా ముందుకు జరిపి, వాలు సరిచేసి, రెండో నంబరులో సేవ్ చేయండి. డ్రైవరు ఒక్క నొక్కు నొక్కితే చాలు. సర్వీసు సెంటరులో ఇంకోటి అడగండి: వెనక నుంచి సీటు జరిపే సౌకర్యం మీ బండికి ప్యాకేజీగా ఉందా, కంపెనీ వాళ్లే అధికారికంగా పెట్టగలరా అని. ఏసీని 24 దగ్గర ఆటోలో పెట్టి వదిలేయండి. బయల్దేరే ముందు ఫోన్ యాప్ నుంచి ఏసీ ఆన్ చేసే వీలుంటే వాడండి, దారిలో స్క్రీన్ ముట్టుకునే పని సగం తగ్గుతుంది.

ప్రశ్న: కొత్త బండి డిక్కీలో స్టెప్నీ లేదు, ఒక సీసా, చిన్న పంపు ఉన్నాయి. కడప నుంచి తిరుపతికి తరచూ పోతుంటాం. ఇది చట్టమేనా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: చట్టమేనమ్మా. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్, పంక్చరు కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. ఆ సీసాలోది జిగురు మందు, మేకు దిగిన చిన్న రంధ్రానికి పనిచేస్తుంది. టైరు పక్క గోడ కోసుకుపోతే పనికిరాదు. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి. మందు పోసిన టైరని పంక్చరు షాపు అతనికి ముందే చెప్పండి. మీరు తరచూ దూరం పోతారు కాబట్టి ఒక సన్న స్టెప్నీ కొనుక్కోమనే నా సలహా. బోల్టుల అమరిక, బ్రేకుకు తగలకుండా ఉండే కొలత సరిచూసి, జాకీ, వీల్ స్పానర్‌తో కలిపి తీసుకోండి. దాని మీద గంటకు 80 కిలోమీటర్లు దాటకండి.