పాలేరు పేరున రాసిన భూమి వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. సీలింగ్ (భూపరిమితి) చట్టం భయంతో మా తాతగారు 1973లో 7 ఎకరాలు మా పాలేరు పేరున సేల్ డీడ్ రిజిస్టర్ చేయించారు, పైసా తీసుకోలేదు. 2007లో నాన్న పోయాక 5 ఎకరాలు పాలేరు కొడుకులే దున్నుకుంటున్నారు, పాస్‌బుక్కులూ వాళ్ళవే. బోరు, మామిడిచెట్లు ఉన్న 2 ఎకరాలు మాత్రం మేమే కౌలుకిస్తున్నాం. మా ఇంట్లో తిని పెరిగినవాళ్ళు ఇప్పుడు అదీ వదలమంటున్నారు. 1985 దాకా శిస్తు కట్టిన రసీదులు నాయనమ్మ పెట్టెలో ఉన్నాయి. తాతకి పాలేరు తిరిగి రాసిచ్చినట్టు పాత స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు చేయిస్తానని తెలిసినాయన అంటున్నాడు. కేసు వేస్తే గెలుస్తామా?

జవాబు: ఎవరి తిండి ఎవరు తిన్నారన్నది కోర్టుకి అక్కర్లేదండీ. మీరు రాసినదాంట్లో పనికొచ్చే ముక్క ఒక్కటే, ఆ 2 ఎకరాలు ఇవాళ్టికీ మీ చేతిలో ఉన్నాయన్నది.

కేసు మీరు వేస్తే దావాలో ఏం రాస్తారు? సీలింగ్ తప్పించుకోడానికే ఉత్తుత్తి సేల్ డీడ్ రాశామని రాయాలి. అంటే తాతగారు దొంగ లెక్క చూపించారని మనవడే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు. 1973 సీలింగ్ చట్టం 7వ సెక్షను 24-1-1971 తర్వాత చేసిన ఇలాంటి బదిలీల మీదే గురిపెట్టింది, మీరు గెలిచినా ఆ భూమి తాతగారి మొత్తం భూమి లెక్కలో కలిపి, పరిమితి దాటిన మిగులు కింద సర్కారుకి పోవచ్చు. (ఎద్దుల పేర్లమీద కూడా రాశారని అప్పట్లో చెప్పుకునేవాళ్ళు, మీవాళ్ళు మనిషి పేరు మీదే రాశారు, సంతోషం.) మోసంలో ఇద్దరికీ భాగం ఉన్నప్పుడు గడప తొక్కి అడిగేవాడికి కోర్టు సాయం చెయ్యదని సుప్రీంకోర్టు ఇమ్మాని అప్పారావు కేసులో ఎప్పుడో చెప్పింది, అందులో కాగితం ఉన్నవాడు దావా వేసి ఓడిపోయాడు, పొలం చేతిలో ఉన్నవాళ్ళకే ఉండిపోయింది. మీకు ఆ తీర్పు డాలు, కత్తి కాదు.

5 ఎకరాలు మర్చిపోండి. 2007 నుంచి వాళ్ళు మాదేనని బహిరంగంగా దున్నుతుంటే మీరు నోటీసు కూడా ఇవ్వలేదు, దావా వెయ్యడానికి ఉన్న 12 ఏళ్ళ గడువు 2019లోనే అయిపోయింది. ఒక్కసారి ఊరెళ్ళి అడంగల్ (ఏ పొలం ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి రికార్డు) చూసుకునుంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు, అజాగ్రత్తకి మందు లేదు.

ఇక ఆ స్టాంపు పేపరాయన, ఆయన ఫోన్ నంబరు ముందు తీసెయ్యండి. నా దగ్గరకి ఓ పార్టీ 1978 తేదీతో ఇలాంటి అగ్రిమెంటే తెచ్చారు, కాగితం నిజంగానే పాతది, కానీ లోపల చక్కగా 'విజయనగరం జిల్లా' అని టైపు చేయించారు. ఆ జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న! ఫోర్జరీ సేల్ పత్రానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది, ఉన్న 2 ఎకరాల కేసు కూడా దాంతోనే మునుగుతుంది.

శిస్తు రసీదులతో హక్కు రాదు, పట్టాదారు పేరు దగ్గర ఎటూ పాలేరు పేరే ఉండి ఉంటుంది. కానీ అవి మీ పెట్టెలో ఎందుకున్నాయన్నది స్వాధీనానికి సాక్ష్యమే, పారెయ్యకండి. బోరు కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో, బిల్లులు ఎవరు కట్టారో, మామిడికాయలు అమ్మిన చీటీలు, కౌలు డబ్బు వచ్చిన బ్యాంకు ఎంట్రీలు, అడంగల్‌లో సాగుదారు కాలమ్ నకళ్ళు, అన్నీ పోగెయ్యండి. అసలు సేల్ డీడ్ మీ ఇంట్లోనే ఉందా? ఉంటే అదీ.

అన్నిటికన్నా ముందు మీ కౌలుదారుని చూసుకోండి. కౌలు రైతు గుర్తింపు కార్డుకి 2019 చట్టం ప్రకారం పట్టాదారు సంతకం కావాలి కాబట్టి పాలేరు కొడుకుల దగ్గరకెళ్ళి సంతకం పెట్టించుకున్నాడంటే మీ స్వాధీనం వాళ్ళదైపోయినట్టే. ఈ వారమే మీ పేరున కౌలు కాగితం రాయించుకోండి. వాళ్ళు దౌర్జన్యానికొస్తే స్వాధీనం మీద మాత్రమే ఇంజంక్షన్ (పొలంలోకి రాకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) దావా వెయ్యండి, టైటిల్ (యాజమాన్య హక్కు) ఊసెత్తొద్దు.

వాళ్ళకి కాగితం ఉంది, మీకు బోరు ఉంది, కాబట్టి రాజీకి వస్తారు. న్యాయమైన రేటిచ్చి ఆ 2 ఎకరాలు వాళ్ళ దగ్గరే రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తో కొనుక్కోండి, స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టడానికి దానం అనో ఇంకోటనో రాయించకండి. అడ్వాన్సు 20,000 గానీ ఆ పైన గానీ నగదు ఇవ్వకండి, ఇన్‌కంటాక్స్ వాళ్ళు పట్టుకుంటారు. డబ్బు చెక్కు మీదే వెళ్ళాలి, పాలేరు వారసులందరి సంతకాలూ ఉండాలి, ఆడపిల్లలవి కూడా.