కంప్యూటర్ ముందు కూర్చుంటే టీ, కాఫీ ఎందుకు ఎక్కువైపోతాయి? తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మొదటి ప్రశ్నకు నాకు తోచినంత చెప్తాను. రెండోదానికి, ఉన్నాను, కానీ పూర్తిగా కాదు.

ముందు నా పరువు పోయిన సంగతి. ఒక ఆదివారం సాయంత్రం ఫ్రిజ్ ఎందుకు చప్పుడు చేస్తోందా అని వెతకడం మొదలుపెట్టాను. గంట తర్వాత చూస్తే ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయన్న పేజీలో తేలాను. మధ్యలో ఎక్కడెక్కడ తిరిగానో గుర్తులేదు. నా పక్కన టీ కప్పు, దాని పక్కనే మా అమ్మాయి బొమ్మలకు రంగులేస్తూ కుంచెలు కడుక్కుంటున్న కప్పు. తెర మీంచి కళ్లు తిప్పకుండా చెయ్యి చాచి ఒక గుక్క తాగాను. చక్కెర తక్కువైంది అనుకున్నాను. రెండో గుక్క కూడా తాగాను. మూడోసారి కప్పు ఎత్తేసరికి మా అమ్మాయి "అమ్మా, నా ఆకుపచ్చ నీళ్లు!" అని అరిచింది. పిల్లల రంగులు, హాని చెయ్యవని డబ్బా మీదే రాసి ఉంది కాబట్టి సరిపోయింది. కానీ రెండు గుక్కలదాకా నాలుక ఏం చేస్తున్నట్టు?

ఆ మర్నాటి నుంచి వారం రోజులు ఒక కాగితం మీద లెక్క రాశాను. కప్పు కలుపుకున్నప్పుడల్లా ఒక గీత, అడుగుదాకా తాగితే ఆ గీత పక్కన సున్నా. వారం చివర 41 గీతలు, 17 సున్నాలు తేలాయి. అంటే 24 కప్పులు సగంలో చల్లారి, పైన మీగడ కట్టి, సింకులోకి పోయాయి. నేను ఎక్కువ తాగుతున్నాననుకున్నాను కానీ నిజానికి ఎక్కువ కలుపుకుంటున్నాను. చేతికి ఆనడానికి వెచ్చగా ఏదో ఒకటి ఉంటే చాలన్నమాట. మా ఆయన అయితే టేబుల్ మీద కప్పు చూసినప్పుడల్లా "ఇది ఇవాళ్టిదా, నిన్నటిదా?" అని అడిగేవారు.

ఆ కాగితం చూస్తుంటే ఇంకోటి కూడా బయటపడింది. దాహానికి పెట్టుకున్న టీ ఒక్కటీ లేదు. ఏదైనా డౌన్‌లోడ్ అవుతుంటే ఒకటి. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టి "15 నిమిషాల తర్వాత ప్రయత్నించండి" అనిపించుకుంటే ఒకటి. అన్నిటికన్నా ఎక్కువ, కామెంట్లలో ఎవరితోనైనా వాదన పెట్టుకున్నప్పుడు. గట్టిగా ఒక జవాబు కొట్టి, లేచి వెళ్లి టీ పెట్టేదాన్ని, మరిగేలోపు అవతలి మనిషి ఏదో ఒకటి రాసి ఉంటాడని. ఇంతకుముందు పేజీ చివర "తర్వాతి పేజీ" అని ఒక నంబర్ ఉండేది, అది నొక్కాలో వద్దో ఒక్క క్షణం ఆలోచించేవాళ్లం. ఇప్పుడు కిందకి తోస్తున్నకొద్దీ వస్తూనే ఉంటుంది. పేజీ అయిపోదు కాబట్టి, కనీసం కప్పయినా అయిపోయి మనల్ని లేపాలి. అదీ అవ్వదు, మళ్లీ నింపుకుంటాం.

తమాషా ఏమిటంటే, ఇంటర్నెట్‌లో మొదటి వెబ్‌క్యామ్‌గా పేరుపడింది ఒక కాఫీ పాత్ర. 1991లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో, ట్రోజన్ రూమ్ అనే గది బయట కాఫీ మెషిన్ ఉండేది. వేరే అంతస్తుల్లో పనిచేసేవాళ్లు మెట్లెక్కి వచ్చేసరికి అది ఖాళీ. విసుగెత్తి క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు దానికి ఎదురుగా ఒక కెమెరా పెట్టారు. ల్యాబ్‌లో వాళ్ల తెరల మీద 128 చుక్కలకు 128 చుక్కల నలుపు తెలుపు బొమ్మ కనిపించేది, నిమిషానికి మూడుసార్లు మారేది. కాఫీ ఉందా లేదా తెలియడానికి అంతకుమించి ఏం కావాలి? 1993 నవంబర్‌లో దాన్ని వెబ్‌కి కలిపాక, ఆ కాఫీ చుక్క కూడా దక్కని లక్షల మంది ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నారు. 2001 ఆగస్టు 22న కెమెరా ఆపేశారు. ఆ పాత్రని ఈబేలో వేలం వేస్తే జర్మనీకి చెందిన వార్తల సైట్ ష్పీగెల్ ఆన్‌లైన్ 3,350 పౌండ్లకు కొనుక్కుంది.

నాకు ఈ కథలో నచ్చేది ఆ ల్యాబ్ వాళ్ల వరస. కాఫీ తాగాలనిపిస్తే తెర వైపు చూసేవాళ్లు, ఉంటే లేచి వెళ్లేవాళ్లు. నాది తలకిందులైంది, తెర ముందు ఇంకాసేపు కూర్చోవడానికి కాఫీ.

(వెబ్ కట్టినవాళ్లకీ ఈ పిచ్చి తక్కువేం కాదు. 1998 ఏప్రిల్ 1న లారీ మాసింటర్ కాఫీ పాత్రల్ని నెట్ ద్వారా నడిపే నియమాలంటూ ఒక ఉత్తుత్తి పత్రం రాశారు. టీ కెటిల్‌ని కాఫీ కాయమని అడిగితే అది "418, నేను టీ కెటిల్‌ని" అని జవాబివ్వాలట. పేజీ దొరకనప్పుడు కనిపించే 404 పక్కన ఆ 418 ఇప్పటికీ బతికే ఉంది.)

ఇక కెఫీన్ సంగతి. రోజంతా మెలకువగా ఉంటే మెదడులో అడినోసిన్ అనేది పోగై నిద్ర తెప్పిస్తుంది. కెఫీన్ వెళ్లి అది కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చుంటుంది. అలసట పోదు, కబురు అందదు, అంతే. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి చాలామందికి సుమారు 5 గంటలు పడుతుంది. పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. గర్భిణులకైతే 200. వాళ్ల లెక్కలో 200 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో దాదాపు 90, 220 మిల్లీలీటర్ల టీలో 50. సగం సింకులో పోసే నేను హద్దు దాటడం లేదు. కానీ రాత్రి తొమ్మిదికి తాగిన కాఫీ, రెండింటికి కూడా సగం నాతోనే మేలుకుని ఉంటుంది. అలా మేలుకుని చేసేది మళ్లీ ఫోన్ తియ్యడమే.

టీ తగ్గించి నీళ్లు తాగుదామని ఒక యాప్ వేసుకున్నాను. రోజుకి ఎనిమిది గ్లాసులు, గంటకోసారి గంట కొడుతుంది, తాగి బటన్ నొక్కాలి. ఒక్కరోజు తప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. పది రోజులు బుద్ధిగా తాగాను. ఆ తర్వాత పనిలో ఉండి తాగకుండానే నొక్కడం మొదలుపెట్టాను, లెక్క పోతుందని. పెదాలు ఎండిపోయి ఉంటాయి, యాప్‌లో మాత్రం 43 రోజులుగా నిండుగా నీళ్లు తాగుతున్న మనిషిని. అది నాకు "శభాష్" అని కాగితపు పూలు కూడా చల్లింది. చివరికి ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఒకరోజు తెగింది. ఆ రోజు దాహమేసినప్పుడల్లా లేచి తాగాను.

అసలు ఆ ఎనిమిది గ్లాసుల మాటకి కూడా అంత బలం లేదు. 1945లో అమెరికా ఆహార పోషకాహార బోర్డు రోజుకి 2.5 లీటర్లు చాలంటూనే, అందులో చాలాభాగం తినే తిండిలోనే ఉంటుందని అక్కడే చివరి వాక్యంలో రాసింది. ఈ మాట ఎక్కడినుంచి పుట్టిందా అని హైన్జ్ వాల్టిన్ అనే కిడ్నీ శాస్త్రవేత్త 2002లో వెతికితే, ఆరోగ్యవంతులకి ఎనిమిది గ్లాసులు తప్పనిసరి అనడానికి ఆయనకి ఆధారం దొరకలేదు. ఆ చివరి వాక్యాన్ని వదిలేసి మొదటిదాన్నే అందరూ పట్టుకున్నారేమోనన్నది ఆయన అనుమానం. నెట్‌లో ఫార్వర్డ్‌లు చూసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

నాకు పనిచేసింది ఒక్కటే. కప్పు వంటగది దాటదు. తాగాలనిపిస్తే అక్కడే నిలబడి, ఫోన్ బయట పెట్టి తాగుతాను. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, రుచి కూడా తెలుస్తుంది. మొదటి వారం చేతులు ఏం చెయ్యాలో తోచక పిచ్చెక్కింది. ఇప్పుడు మామూలు రోజుల్లో మూడు కప్పులు, సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ లేదు.

వాదన పెట్టుకున్న రోజు మాత్రం ఇదంతా గాలికి పోతుంది. నిన్న ఆరు. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఎంత ఖాళీ వదలాలన్న దాని మీద.