బొమ్మలు వేయడం రాకపోయినా ప్రకటనల రంగంలో చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. ప్రకటనల రంగంలోకే వెళ్తానని పట్టుబడుతోంది. తనకు బొమ్మలు వేయడం రాదు, కెమెరా పట్టడమూ రాదు. ఆ రంగంలో తనకేం పని ఉంటుంది? ఏం చదివించాలి?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: బొమ్మలు వేసేవారు, చిత్రీకరించేవారు ఈ రంగంలో ఒక భాగం మాత్రమే. ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో, ఎంత ఖర్చుతో చెప్పాలో తేల్చేవారు వేరే ఉంటారు. బీకాం చదివిన మీ అమ్మాయికి దగ్గరి పని అదే.

అదెలాంటి పనో తెలియాలంటే ఏదైనా కిరాణా కొట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు. ‘అరకిలో సర్ఫు ఇవ్వండి’ అని అడిగినావిడ చేతిలో కొట్టతను వేరే కంపెనీ ప్యాకెట్ పెడితే, ఆవిడ మారుమాట లేకుండా సంచిలో వేసుకుని వెళ్లిపోవడం మీరూ చూసే ఉంటారు. మన ఇళ్లలో బట్టలుతికే పొడి ఏదైనా సర్ఫే. పేరు అంతగా నాలుక మీద నిలిచినా కొనుగోలు దానికి కట్టుబడలేదు. జనం దృష్టిలో పడటం వేరు, అదే కావాలని అడిగి తీసుకునేలా చేయడం వేరు.

నిజానికి సర్ఫ్ అనేది హిందుస్థాన్ లీవర్ కంపెనీ అమ్మే పొడి పేరు. దాని కథలోనే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 1969లో గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దగ్గరే పొడి తయారుచేసి, సైకిల్ మీద తిరుగుతూ అమ్మడంతో నిర్మా మొదలైంది. ధర సర్ఫ్ కంటే ఎంతో తక్కువ కావడంతో, అప్పటిదాకా పొడి కొనే స్తోమత లేని ఇళ్లు కూడా దాన్ని కొన్నాయి. దీనికి జవాబుగా 1980లలో అలెక్ పదమ్‌సీ నాయకత్వంలోని లింటాస్ అనే ప్రకటనల ఏజెన్సీ సర్ఫ్ కోసం లలితాజీ అనే గృహిణిని తెర మీదకు తెచ్చింది. కూరగాయల దగ్గర గీచిగీచి బేరమాడే ఆ ఇల్లాలు, చవక వస్తువుకూ మంచి వస్తువుకూ తేడా ఉందని చెబుతూ, అరకిలో సర్ఫ్ కిలో మామూలు పొడితో సమానమని లెక్క తేల్చి చూపిస్తుంది. ఖరీదైన పొడి కొంటున్నందుకు ఇల్లాలి మనసులో ఉండే బెరుకును తీసేసి, అది తెలివైన పనేనన్న ధీమా ఇవ్వడమే అందులోని కిటుకు.

అయితే ఆ ప్రకటన పాత కొనుగోలుదారులను నిలబెట్టుకోవడానికి పనికొచ్చింది గానీ, తక్కువ ధర కోసం చూసేవారిని వెనక్కి తేలేదు. వారి కోసం హిందుస్థాన్ లీవర్ వీల్ అనే వేరే సరుకును దింపవలసి వచ్చింది. ఏ సమస్యకు మాట చాలు, ఏ సమస్యకు సరుకూ ధరా మార్చాలి అని నిర్ణయించడం బ్రాండ్ మేనేజర్ పని. అందుకే ఇలాంటి కంపెనీలు కొత్తగా చేరినవారిని ముందు కొన్ని నెలలు అమ్మకాలకు, అంటే కొట్ల చుట్టూ తిరగడానికి పంపుతాయి. మీ అమ్మాయికి ఎండలో తిరగడం ఇష్టమేనా అని ముందే అడగండి.

రాయడం ఇష్టమైతే ఏజెన్సీలో కాపీరైటర్‌గా, అంటే ప్రకటనల్లోని మాటలు రాసే మనిషిగా చేరవచ్చు. హిందీ ప్రకటనను తెలుగులోకి దించేటప్పుడు మాటలు నటి పెదవుల కదలికకు సరిపోతాయి గానీ మన ఇంటి మాటల్లా వినిపించవు. తెలుగు బాగా తెలిసినవారి అవసరం అక్కడ నిజంగానే ఉంది. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ అని మాత్రం తెలిసి దిగాలి.

చదువు విషయానికొస్తే, అహ్మదాబాద్‌లోని మైకా ఈ రంగానికే పేరుపొందిన సంస్థ; అక్కడ ఆ సంస్థ సొంత ప్రవేశ పరీక్ష మైకాట్‌తో పాటు క్యాట్ వంటి జాతీయ పరీక్ష స్కోరు కూడా అడుగుతారు. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌లో ప్రకటనలు, ప్రజా సంబంధాలలో పీజీ కోర్సు ఉంది. దూరం పంపడం ఇష్టం లేకపోతే ఐసెట్ రాసి మార్కెటింగ్‌తో ఎంబీఏ చేయవచ్చు.

పరీక్షల దరఖాస్తులు మొదలయ్యేలోగా, తెలిసిన కొట్టులో నాలుగు సాయంత్రాలు కూర్చుని, జనం ఏ సరుకును పేరు పెట్టి అడుగుతున్నారో, దేనికి ‘ఏదో ఒకటి ఇవ్వండి’ అంటున్నారో నోటు పుస్తకంలో రాసుకోమనండి. రేపు ఇంటర్వ్యూలో ఈ రంగమే ఎందుకని అడిగితే, ఆ పుస్తకం తీసి మాట్లాడవచ్చు.